ఆరు వందల పడవ

ఉదయగిరి,
9-11-2025, ఆదివారం.

ఈ పొద్దు పనులు: బియ్యం చెరిగి డబ్బాకు పోసినాను. మిరపకాయలకు తొడిమలు తీసి మేడ మీద ఆరబోసినాను. పొయ్యి బర్నర్లు కడిగినాను. చెక్క చెంచాలు నలభై గరుకు కాగితంతో రుద్ది, పదేసి చొప్పున కట్టలు కట్టినాను. మిగిలింది ఈ ఉత్తరం.

విజయ వదినకు,

రేణుక రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, మీ తమ్ముడూ. ఆయన పొద్దున చెంచాల అంగడికి పోతే రాత్రి భోజనానికి వస్తాడు.

నిన్న అశ్విత కావలి నుంచి ఫోన్ చేసింది. "ఈ కాలంలో ఉత్తరాలేందమ్మా, అత్తకు మెసేజ్ పెట్టుకోరాదా" అని నవ్వింది. దానికి నేను, మీ అత్త బటన్ ఫోన్లో తెలుగు రాస్తే డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాది, మాట్లాడితే "ఆఁ? ఆఁ?" అంటాది, నేను అరిస్తే మా వీధంతా వింటాది, ఆమె తప్ప అని చెప్పినాను. ఇంకోటి విను. తన ఆఫీసులో మన సంగతి చెప్పిందంట. "మా అమ్మ, మా అత్త ఏటా ఐలాండ్ వెకేషన్‌కు పోతారు, రేట్లు ఎంత పెరిగినా మానరు" అని. సోమశిల డ్యాము నీళ్ళల్లో మన వేపలమిట్ట మునిగిపోతే, ఊరి నెత్తిన బడి అరుగూ నాలుగు సీతాఫలం చెట్లూ పైకి మిగిలినాయి. దానికి ఐలాండంట!

సరే, పనికొస్తాను. మాఘ పున్నమి ఫిబ్రవరి ఒకటి, ఆదివారం పడింది. ఎప్పటిలాగే శుక్రవారం పోయి ఆదివారం వద్దాం. ముందే లెక్క వేసి పెడితే మంచిది. ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు బస్సు టికెట్ లేదు కాబట్టి, ఆధార్ కార్డు చూపిస్తే చాలు, అది సున్నా. సోమశిలలో ఆటో పెరిగిందంటున్నారు. రానుపోను ఆరు వందలు వేసినాను. సరుకులకు ఐదు వందలు. కొండలయ్య పడవకు ఎప్పటిలాగే ఆరు వందలు. మొత్తం పదిహేడు వందలు. ఇద్దరికీ కలిపి రెండు వేలు దాటితే మానేద్దామని మొదటేడు అనుకున్నాం కదా, ఇంకా మూడు వందలు లోపలే ఉన్నాం.

ఎప్పటిలాగే పడవ మాట నువ్వు మాట్లాడి పెట్టు. శుక్రవారం పదకొండుకు ఎక్కించుకోవాలి, ఆదివారం రెండు గంటలకు దించాలి. ఆరింటికి నేను ఇంట్లో ఉండాలి.

నీ
రేణుక


ఆత్మకూరు,
20-11-2025.

రేణుకా,

నీ జాబు అందింది. తొడిమలు తీసిన మిరపకాయలు కూడా లెక్క చెప్పి ఉంటే బాగుండేది.

ఈ ఏడు మిట్ట వద్దులేవే. నాకు మోకాళ్ళు పట్టుకుంటున్నాయి. చలి కూడా ఎక్కువగా ఉండాది. యాభై మూడేళ్ళొచ్చి టార్పాలిన్ కింద పడుకోవడం ఏందని మా ఓబులమ్మ కూడా అంటా ఉండాది. ఓబులమ్మ తెలుసు కదా, కింద పిండిమర ఆమె, నా ఇంటి ఓనరు. పైగా అన్నీ రేట్లు పెరిగిపోయినాయి. ఏది ముట్టుకున్నా కాలతా ఉండాది.

నువ్వే ఒకరోజు ఆత్మకూరు రా. టికెట్ లేదంటివి కదా. పొద్దున వచ్చి సాయంత్రం పో. పులగం చేస్తాను.

అశ్వితను అడిగినట్టు చెప్పు.

విజయకుమారి


ఉదయగిరి,
1-12-2025, సోమవారం.

ఈ పొద్దు పనులు: దుప్పట్లు ఉతికినాను. పప్పులు ఎండకు పెట్టి తీసినాను. చెంచాలు ముప్పై. గరిటెలు ఆరు.

విజయ వదినకు,

నీ జాబు మూడుసార్లు చదివినాను. ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను, కోపం తెచ్చుకోవద్దు.

మోకాళ్ళు: పోయినేడు బడి అరుగు ఎక్కింది ముందు నువ్వు. "రావే ముసలిదానా" అని పైనుంచి నన్ను పిలిచింది నువ్వు.

చలి: మాఘంలో ఏటా ఉండేదే. నీకు రెండో దుప్పటి నేను తెస్తాను.

రేట్లు: పెరిగినవన్నీ కలిపే పదిహేడు వందలు వేసినాను. నీ వంతు ఎనిమిది వందల యాభై. నీకు ఇబ్బందైతే చెప్పు, నా వంతులో సర్దుతాను, వచ్చే ఏడు ఇద్దువు.

ఆత్మకూరు రమ్మన్నావు. వస్తే ఏం చేస్తాం? కింద పిండిమర తిరుగుతా ఉంటాది, నేను ఒకటి చెపితే నువ్వు ఒకటి వింటావు. పోయిన శ్రావణంలో అట్లాగే అయింది. అశ్వితకు నెల తప్పి, నిలవకుండా పోయిందని నేను చెపుతా ఉంటే నువ్వు "మంచి మాట, మంచి మాట" అని నవ్వినావు. తర్వాత కాగితం మీద రాసి చూపించినాను. అప్పుడు నీ మొహం చూడలేక వంటింట్లోకి పోయినాను. మాట్లాడుకోవడం అంటే అది కాదు కదా.

ఇది నేను ఎవరితోనూ అనలేదు. ఇక్కడ నాకు ఇల్లు బాగుంది, అన్నీ బాగున్నాయి. పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా నా నోట్లోంచి వచ్చే మాటలు లెక్క వేసినాను ఒకరోజు. పాలాయనతో రెండు, చెంచాలు తీసుకుపోయే మస్తానమ్మతో ఆరు, మీ తమ్ముడితో నాలుగు. అందులో "ఉప్పు సరిపోయిందా" అనేది ఒకటి.

నీకు రావాలని లేకపోతే అది రాయి. మోకాళ్ళ మీద పెట్టొద్దు.

రేణుక


ఆత్మకూరు,
16-12-2025.

రేణుకా,

నీకు ప్రతిదీ లెక్కే. మాటలు కూడా లెక్క వేసుకుంటావా! నా మోకాళ్ళకు కూడా పద్దు రాసినావు. మనిషి వద్దంటే వద్దనుకోవాలి, రుజువులు అడగకూడదు.

నా వంతు నువ్వు సర్దడం ఏంది? నేను అడిగినానా? ఎనిమిది వందల యాభైకి గతి లేక కూర్చున్నానని అనుకున్నావా? మీ అన్న పోయి పదకొండేళ్ళయింది. ఒకరి దగ్గర చెయ్యి చాపలేదు.

కుట్టుమిషను అమ్మేసినాను. చోటు ఇరుకైంది. ఇప్పుడు గది వెడల్పుగా ఉండాది, కాళ్ళు చాపుకుంటున్నాను.

అశ్విత విషయం నువ్వు ఇప్పుడు గుర్తు చెయ్యకుండా ఉండాల్సింది.

నీకు మిట్టకు పోవాలని ఉంటే పో. కొండలయ్య ఎక్కడికీ పోలేదు. నన్ను వదిలెయ్యి.

విజయకుమారి


ఉదయగిరి,
6-1-2026, మంగళవారం.

విజయ వదినకు,

కొత్త సంవత్సరం వచ్చింది. నువ్వు బాగుండాలి.

నిన్ను నొప్పించినాను. ఇంక అడగను. నీ జాబు వచ్చినప్పటి నుంచి రోజూ రాద్దామని కూర్చోవడం, కాగితం మడిచి పెట్టడం.

శుక్రవారం జనవరి ముప్పైన నేను ఒక్కదాన్నే పోతున్నాను. మీ తమ్ముడు "ఆ మిట్ట మీద ఏముందే, రాళ్ళు తప్ప" అన్నాడు. రాళ్ళే ఉండాయి అన్నాను.

రేణుక


ఉదయగిరి,
3-2-2026, మంగళవారం.

ఈ పొద్దు పనులు: ఏమీ చెయ్యలేదు. అన్నం వండినాను, అంతే. చెంచాలు లేవు. దుప్పట్లు మడత కూడా పెట్టలేదు.

వదినా,

ఇది పొడుగు ఉత్తరం. ఓబులమ్మ మర ఆపినాక చదువు.

శుక్రవారం పదకొండుకు రేవులో దిగినాను. కొండలయ్య వల బాగు చేసుకుంటూ ఉన్నాడు. నా వెనక చూసి "ఇంకో అమ్మ రాలేదా?" అన్నాడు. రాలేదన్నాను. ఆరు వందలు తీసి చేతిలో పెట్టినాను. అతను నోట్లను చూసి, నన్ను చూసి, "అడ్వాన్సామ్మా?" అన్నాడు.

"అడ్వాన్సేంది, రానుపోను ఎప్పుడూ ఇచ్చేదే కదా" అన్నాను.

అతను నవ్వినాడు వదినా. రేవులో ఉన్న ఇంకో ఇద్దరిని పిలిచి మరీ నవ్వినాడు. "ఆరు వందలకు ఇంజన్ పడవ స్పెషల్‌గా రెండుసార్లు వస్తాదా తల్లీ? ఈ ఏడు మూడు వేలు. పోయినేడే రెండు వేల ఏడు వందలు తీసుకున్నా. డీజిల్ రేటు నువ్వు చూడలా?"

నేను రేవు గట్టు మీద కూర్చున్నాను. ఏ ఏడు ఎంత తీసుకున్నావో చెప్పు అన్నాను. అతనికి పుస్తకం లేదు, మరిచిపోయిందీ లేదు. నీళ్ళు నిండి మనం నడిచిపోవడం మానేసిన మొదటేడు ఆరు వందలు. తర్వాతేడు తొమ్మిది వందలు. తర్వాత పన్నెండు వందలు. పదహారు వందలు. రెండు వేలు. పోయినేడు రెండు వేల ఏడు వందలు. నా పుస్తకంలో మాత్రం ఆరేళ్ళూ ఒకే అంకె, ఆరు వందలు, ఎదురుగా "విజయ చేతికి నా సగం 300" అని. ప్రపంచంలో అన్నీ పెరుగుతా ఉంటే కొండలయ్య పడవ ఒక్కటే ఎట్లా పెరగలేదని ఒక్కసారి అడగలేదు నేను. పెట్రోలు, ఉల్లిపాయలు, గ్యాసు, అన్నిటికీ తేదీలు వేసి రాసే మనిషిని.

పెరిగినదంతా కలిపితే ఐదు వేల నాలుగు వందలు. అందులో సగం నాది. రెండు వేల ఏడు వందలు. మిట్ట మీదికి పుస్తకం తేకూడదని మన కట్టుబాటు. ఈసారి తప్పినాను. సంచిలో పెట్టుకుపోయి, బడి అరుగు మీద కూర్చుని కూడినాను.

ఇంకోటి కూడా చెప్పినాడు. "స్పెషల్ ఎందుకమ్మా, వలలు వేసేదానికి సాయంత్రం నాలుక్కు ఎట్లాగూ అటే పోతా. కూర్చుంటే మనిషికి నూరు. తెల్లారి వల తీసేటప్పుడు తీసుకొస్తా, ఇంకో నూరు. మొదటేడే చెప్పినా గదా. నువ్వేగా, టైముకు రాని పడవ నేనెక్కను, ఆదివారం రెండుకు దించాల్సిందే అంటివి."

నేనే అన్నాను. నాకు గుర్తుంది. ఆరింటికి ఇంట్లో ఉండాలి, ఆయనకు వేడిగా అన్నం పెట్టాలి అని.

మూడు వేలు నా దగ్గర లేవు. నాలుగు దాకా రేవులో కూర్చుని, వలల మీద కాళ్ళు ముడుచుకుని పోయినాను. చీరంతా చేపల వాసన.

మిట్ట మీద మూడు రాళ్ళూ మనం పెట్టినట్టే ఉన్నాయి. పొయ్యి వెలిగించి, గ్లాసుతో బియ్యం రెండు కొలిచి గిన్నెలో పోసినాను. పోసినాక నీ వంతు గ్లాసు వెనక్కి తీసినాను. అన్నం తింటూ "చారులో ఉప్పు ఎక్కువైంది" అని పైకే అన్నాను. ఎవరూ "నీ చెయ్యే అంత" అనలేదు. శనివారం నీ సీతాఫలం చెట్టు దగ్గర కూర్చున్నాను. దాని కిందే కదా మీ ఇంటి దారి నీళ్ళల్లోకి దిగిపోయేది. నీళ్ళు కదలకుండా ఉంటే రాళ్ళు కనిపించినాయి, మూడు మెట్లు.

ఆదివారం తెల్లారి కొండలయ్య రావాలి. రాలేదు. గాలి ఎత్తింది. మధ్యాహ్నం రెండైంది, నాలుగైంది, ఆరైంది. ఫోన్లో చార్జింగ్ లేదు. ఇంట్లో మీ తమ్ముడు కంగారు పడతా ఉంటాడని, అశ్వితకు ఫోన్ చేసి ఉంటాడని, పోలీసుల దాకా పోయి ఉంటాడని, కూర్చోలేక అరుగు చుట్టూ తిరిగినాను. పున్నమి వెన్నెల్లో ఆ నీళ్ళంతా తెల్లగా ఉంది. చూడబుద్ధి కాలేదు.

సోమవారం తెల్లారి వచ్చినాడు. మధ్యాహ్నానికి ఇల్లు చేరినాను. మీ తమ్ముడు బేరం లేదని ఆ పొద్దు మధ్యాహ్నమే అంగడి నుంచి వచ్చి ఉన్నాడు, మెస్సు నుంచి పార్సిల్ తెచ్చుకుని తింటున్నాడు. నన్ను చూసి "వచ్చినావా. ఈ పొద్దేనా నువ్వు రావాల్సింది?" అన్నాడు.

కోపంతో అనలేదు వదినా. నిజంగానే అడిగినాడు. ముందు రోజే రావాల్సిందని ఆయనకు గుర్తు లేదు.

ఆ ఆరింటి కోసం నేను నిన్ను ఆరేళ్ళు ఉరికించినాను. ఆ ఆరింటి కోసం నువ్వు రెండు వేలు, రెండు వేల ఏడు వందలు కట్టినావు. ఆ ఆరింటికి ఇంట్లో ఎవరూ ఎదురు చూడలేదు.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఎందుకు దాచినావు? ఆ డబ్బు ఎక్కడిది? నా సగం నేను పంపిస్తాను.

రేణుక


ఆత్మకూరు,
11-2-2026.

రేణుకా,

మర ఆపినాకే చదివినాను. రెండోసారి మెట్ల మీద కూర్చుని చదివినాను. ఓబులమ్మ "ఎవరు పోయినారు?" అని అడిగింది. ఎవరూ పోలేదు, పోయి వచ్చినారు అన్నాను.

డబ్బు దొంగతనం చెయ్యలేదులే. చీరలకు ఫాల్స్ కుట్టినాను, జాకెట్లకు హుక్కులు వేసినాను. మాఘం కోసమని ఒక పౌడర్ డబ్బాలో వేసేదాన్ని. పోయిన ఏడు నుంచి కంట్లో పొర. సూదిలో దారం ఎక్కదు. ఒకామె పెళ్ళి జాకెట్టుకు హుక్కులు తిరగేసి కుట్టినాను. ఆమె ఏమీ అనలేదు, మళ్ళీ రాలేదు. దసరాకు మిషను అమ్మేసినాను. చోటు ఇరుకై కాదు. ఆ డబ్బు కంటి ఆపరేషనుకు పెట్టుకున్నాను. డబ్బాలో ఈ ఏడు నూట నలభై ఉండాది.

ఎందుకు దాచినానంటావు. మొదటేడు నువ్వు పుస్తకంలో "రెండు వేలు దాటితే మానేద్దాం" అని రాసి, కింద స్కేలు పెట్టి గీత కొట్టినావు. నువ్వు ఒకసారి గీత కొడితే దాటవు, చిన్నప్పటి నుంచీ తెలుసు నాకు. కొండలయ్య తొమ్మిది వందలు అన్నప్పుడే భయమేసింది. ఒక్క ఏడు సర్దితే మళ్ళీ తగ్గుతాదేమో అనుకున్నాను. ఎక్కడన్నా తగ్గుతాయంటే! తర్వాత చెప్పాలంటే వెనకటిది కూడా చెప్పాలి. అందుకని ఈ ఏడు మోకాళ్ళు పట్టుకున్నాయి.

నీకు తెలియని మాట ఒకటి చెపుతాను. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ ఎవరు మాట్లాడినా నాకు మాటలు రావు, చప్పుడు వస్తాది. మర, బస్సులు, టీవీ అన్నీ కలిసిపోయి ఒకటే గోల. నేను నవ్వుతా ఉంటాను, తల ఊపుతా ఉంటాను. శ్రావణంలో నీ దగ్గర చేసిందీ అదే. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తాది. మిట్ట మీద ఏ చప్పుడూ ఉండదు. నువ్వు నా కుడి పక్కన కూర్చుని మామూలుగా మాట్లాడితే ఒక్కో మాటా వినిపిస్తాది. "ఉప్పు ఎక్కువైంది" అని నువ్వు గొణుక్కున్నా వినిపిస్తాది. ఏడాదికి మూడు రోజులు నేను చెవులున్న మనిషిని. దానికి రెండు వేల ఏడు వందలు ఎక్కువని ఎప్పుడూ అనిపించలేదు.

నీ సగం నాకొద్దు. పంపిస్తే వెనక్కి పంపిస్తాను. నేను తిన్న అన్నానికి నీ దగ్గర బిల్లు తీసుకోను. ఇష్టపడి పెట్టుకున్న ఖర్చు అది, బాకీ కాదు.

నువ్వు ఒక్కదానివే నా గ్లాసు బియ్యం వెనక్కి తీసినావని రాసినావే, ఆ మాట దగ్గర కళ్ళద్దాలు తుడుచుకున్నాను. పొర వల్ల కాదు.

విజయ


ఉదయగిరి,
18-2-2026, బుధవారం.

ఈ పొద్దు పనులు: చెంచాలు అరవై. మస్తానమ్మ లెక్క చూసి డబ్బులు ఇచ్చి పోయింది. పుస్తకంలో పాత గీత కింద కొత్త పేజీ తీసినాను. నిన్న రేవు దాకా పోయి వచ్చినాను, దాని సంగతి కింద రాస్తాను.

విజయ వదినకు,

పంపిస్తే వెనక్కి పంపిస్తానన్నావు కదా. నీకు పంపలేదు.

నిన్న బస్సెక్కి సోమశిల పోయినాను. ఆత్మకూరులో నీ వీధి ముందే బస్సు ఆగింది. దిగలేదు, దిగితే నువ్వు ఆపుతావని. నేను దాచుకున్న చెంచాల డబ్బు రెండు వేల ఏడు వందలు కొండలయ్య చేతిలో పెట్టి, విజయమ్మ పేరు మీద జమ చేసుకో అన్నాను. ఇట్లాంటి అడ్వాన్సు అతను పుట్టినప్పటి నుంచి చూడలేదంట. "ఆమె రానంటే?" అన్నాడు. "ఆమెకు వాపసు ఇవ్వొద్దు, నాకూ వద్దు" అన్నాను. సాయంత్రానికి కొత్త వల కొనేసినాడని ఫోన్ వచ్చింది. కాబట్టి నువ్వు పోయి అడిగినా లాభం లేదు.

వలల పడవకు నీ వంతు ఏడాదికి పోను నూరు, రాను నూరు. నా వంతు నేను వేరే ఇచ్చుకుంటాను. రేటు పెంచనని పదిమందిలో ఒప్పుకున్నాడు. పదమూడేళ్ళు పోయి రావచ్చు. నూరు మిగులుతాది. పద్నాలుగో ఏడు నువ్వు పోవడానికి సరిపోతాది, రావడానికి ఉండదు. అప్పటికి మనకు అరవై ఏడు. రావాలనిపిస్తే అప్పుడు చూసుకుందాం.

ఈ నెల 27వ తేదీ శుక్రవారం, సాయంత్రం నాలుగుకు రేవులో. పౌడర్ డబ్బా తీసుకురావద్దు, అది కంటికి ఉంచు. తిరిగి రావడానికి టైము రాయలేదు. గాలిని బట్టి. మీ తమ్ముడికి చెప్పినాను, మెస్సు నంబరు ఆయన దగ్గర ఉంది. నేను నీ కుడి పక్కనే కూర్చుంటాను. అశ్విత గురించి చెప్పాల్సింది ఒకటుంది, ఇందులో రాయను. అక్కడ చెపుతాను, చిన్నగా.

పుస్తకం ఇంట్లోనే పెట్టి వస్తాను. అందుకని ఈ పొద్దే రాసేసినాను:

విజయ వదినకు నా బాకీ, పడవ తాలూకు, ఆరేళ్ళది: రూ. 2,700. తేదీ 17-2-2026న కొండలయ్య దగ్గర ఆమె పేరున జమ. బాకీ చెల్లు.